సెల్‌ఫోను ప్లానులలో వేగము, వంతు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలో సెల్‌ఫోను ప్రసంగమేమని కొందరికి తోచవచ్చును. పత్రిక చదువుటకై ఇచ్చటికి వచ్చెడివారిలో అనేకులు నేడు ఆ పత్రికనే చేతిలోని ఫోనులో చదువుచున్నారు. పోటీపరీక్షలకు కూర్చుండు పిల్లలు అందులోనే పాఠములు వినుచున్నారు. పూలబజారులో గంప దింపిన రైతు తన పైకమును అందులోనే పుచ్చుకొనుచున్నాడు. ఇంటింటను నెలనెలా దీనికి కొంత వ్యయమగుచుండగా, ఆ రూపాయలకు బదులు వచ్చుచున్నదేమో లెక్క చూచుకొనుట అధికప్రసంగము కాదు. బియ్యము కొన్నవాడు తూకము చూచును. గుడ్డ కొన్నవాడు గజము చూచును. ప్లాను కొన్నవాడు ఏమి చూడవలెనన్నదే నేటి విషయము.

గుడిమల్కాపూరు ఒకనాడు నగరము వెలుపలి పల్లె. ఝాంసింగ్ దేవాలయము నిజాము ప్రభువుల కాలము నాటిది. నేడు మెహదీపట్నము వచ్చి ఊరిని కలిపివేసినది. జాంబాగునుండి తరలివచ్చిన పూలబజారు ఊరిపేరును నగరమంతటను చాటుచున్నది. దసరాకు ముందు, బతుకమ్మ దినములలో, దీపావళి ముందునాడు ఆ బజారులో కాలుపెట్టుటకు సందుండదు. బంతి, చేమంతి, గులాబీ, కనకాంబరము రాసులు పోసియుండును. వేయి చేతులలో వేయి ఫోనులుండును. అట్టి ఉదయమున జరుగు ఒక చిత్రము బజారుకు పోవువారందరికిని ఎరుకయే. ఫోనుపై సిగ్నలు గీతలు నిండుగా నాలుగును కనబడుచుండును. కొన్నవాడు చెల్లింపు చదరమునకు ఫోను చూపును. చక్రము తిరుగుచునే యుండును, పైకము పోదు. అమ్మినవాడు వేచియుండును, వెనుకనున్నవారు తొందరపెట్టుచుందురు. అదే ఫోను, అదే ప్లాను, అదే తావు; అర్ధరాత్రి దాటిన పిమ్మట మాత్రము సినిమా సైతము నీటివలె పారును.

దీనికి “నెట్ స్లో” అని రెండు మాటలలో తీర్పు చెప్పి ఊరుకొనుట వాడుక. ఆ తీర్పులో రెండు వేరువేరు వ్యాధులు కలిసిపోయినవి. ఒకటి వేగమునకు కట్టిన హద్దు, రెండవది వరుసలో దొరకిన వంతు. మొదటిది ప్లాను కాగితములో వ్రాసియుండును. రెండవది సాధారణముగా ఎచ్చటను వ్రాసియుండదు.

కాలువ నీరు ఎరిగినవారికి ఈ భేదము తెలియుట సులభము. చెరువు క్రింద ఆయకట్టు కలదు. ఒక్కొక్క మడికి దినమునకు ఇన్ని గడియల నీరని నిర్ణయము. ఆ గడియలు తీరగానే నీరటి మడవను మూసి, మొక్క చావకుండుటకై వ్రేలంత ధార మాత్రము విడుచును. ఇది హద్దు. చెరువు నిండియున్నను, ప్రక్క పొలములు ఎండియున్నను, ఎవరికిని అక్కర లేకున్నను ఆ ధార పెరుగదు. వంతు అట్లు కాదు. నీరు అందరికిని చాలినంత ఉన్నపుడు ముందెవరు, వెనుకెవరు అన్న ప్రశ్నయే పుట్టదు. ఎండలు ముదిరి, అందరును ఒకేసారి మడవలకడ చేరినపుడు మాత్రము, నీరటి ఎవరి పొలమువైపు మొదట పార త్రిప్పునో వానికి పంట, చివరి మడివానికి మంట.

మొదట హద్దు సంగతి. దినమునకు 1 జీబీ, 1.5 జీబీ, 2 జీబీ అని చెప్పు ప్లానులలో ఆ పరిమాణము తీరిన పిమ్మట వేగము సెకనుకు 64 కిలోబిట్లకు దిగునని పలు సంస్థలు తమ నిబంధనలలో వ్రాసియుంచినవి. ఈ అంకె ఎంతటిదో చూడవలెను. ఇచ్చట ఒక చిన్న చిక్కు కలదు. కంపెనీలు పరిమాణమును బైట్లలోను, వేగమును బిట్లలోను చెప్పును. ఎనిమిది బిట్లు ఒక బైటు. సేర్లలో కొని తులములలో అమ్మినట్లుండు ఈ లెక్కలో కొనువాడు తరచు తప్పును. 64 కిలోబిట్లనగా సెకనుకు 8 కిలోబైట్లు. ఫోనుతో తీసిన ఒక ఛాయాచిత్రము 2 మెగాబైట్లుండినచో, అది చేరుటకు 250 సెకనులు, అనగా నాలుగు నిమిషములకు పైగా పట్టును. 1 జీబీ దిగుటకు ఏకధాటిగా ముప్పదినాలుగు గంటలు దాటును. రాత్రి పన్నెండు మొదలు మరునాటి రాత్రి పన్నెండువరకు కన్ను మూయక లాగినను 700 మెగాబైట్లు కూడ రావు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వము, సెకనుకు కనీసము 2 మెగాబిట్లుండిననే దానికి బ్రాడ్‌బ్యాండ్ అను పేరు తగునని నిర్ణయించినది. 2013లో ఆ హద్దు 512 కిలోబిట్లు. ఆ కొలత ప్రకారము చూచినచో 64 కిలోబిట్ల ధార అందులో ముప్పదియవ వంతు మాత్రము. అట్టి ప్లానును “అన్‌లిమిటెడ్” అని పెద్ద అక్షరములతో అచ్చువేయుదురు. మాట అబద్ధము కాదు; నీరు ఆగదు గదా! సంపూర్ణ సత్యమనుట కూడ కష్టమే.

చెల్లింపులకు ఈ సన్నధార చాలునా? యూపీఐ చెల్లింపునకు అటునిటు పోవు సమాచారము మిక్కిలి స్వల్పము. ఒంటరిగా పోయినచో ఈ ధార చాలును. ఒంటరిగా పోనియ్యకపోవుటయే చిక్కు. అదే సమయమున వాట్సాపు చిత్రములు, ప్రకటనలు, తమంతట తాము మారుకొను యాప్‌లు ఆ వ్రేలంత ధారలోనే మూతి పెట్టుచుండును. కావున దినపు డేటా అయిపోయిన నాడు చెల్లింపునకు ముందు వెనుక నడచుచున్న యాప్‌లను మూసివేయుట మంచిది. ఈ చిన్న పని చేయక సిమ్ము మార్చినవారున్నారు.

ఇక వంతు. ఈ విషయమును కొంత లోతుగా చూడవలసియున్నది, ఏలయనగా ఇది కంటికి కనబడదు. టవరుపై నుండు యంత్రము తనవద్దనున్న గాలిదారిని చిన్నచిన్న గళ్ళుగా కోసి పంచును. 4జీ పద్ధతిలో ఒక్కొక్క గడి వెడల్పు 180 కిలోహెర్ట్జులు. 20 మెగాహెర్ట్జుల వెడల్పుగల దారిలో అట్టివి 100 పట్టును. ఈ నూరు గళ్ళను ఎవరెవరికి ఇయ్యవలెనో ఆ యంత్రము సెకనులో వెయ్యవ వంతునకొకసారి నిర్ణయించును. ఏ నీరటియు ఇంత తొందరగా పార త్రిప్పలేడు. సిగ్నలు గీతలు టవరు మాట ఎంత గట్టిగా వినబడుచున్నదో చెప్పును. ఆ టవరును ఎందరు పిలుచుచున్నారో చెప్పవు. బజారులో గీతలు నిండియుండి పని జరుగకపోవుటకు కారణమిదియే.

ఈ పంపకమున అందరును సమానులు కారు. ప్రపంచమంతటను అనుసరించు 4జీ ప్రమాణములలో సమాచారమునకు తరగతులు ఏర్పరచి అంకెలిచ్చినారు. నెట్‌వర్కుపై మాటలాడు సంభాషణకు 1వ తరగతి. సాధారణ డేటాకు వాడుకలో 9వ తరగతి. దానివలననే బజారులో నెట్టు నిలిచిపోయినను మామూలు ఫోను పిలుపు పోవుచుండును. వాట్సాపు పిలుపు పేరునకు పిలుపేయైనను టవరు కంటికి అది సాధారణ డేటాయే, చివరి తరగతి ప్రయాణికుడే. జాతరలో తప్పిపోయిన పిల్లవాని కొరకు వెదకువారు మామూలు పిలుపే పిలువవలెను. 112 వంటి ఆపత్కాల పిలుపులకు అన్నిటికంటె ముందు త్రోవ దొరకును. గజేంద్రుని మొర విన్న విష్ణువు సిరికి చెప్పక, పరివారమును పిలువక పరుగెత్తిన ఘట్టము పోతన పాఠకులకు కొత్త కాదు. ఆపదలో వరుస తప్పించుటను ఎవరును తప్పుపట్టలేదు.

మాటకు ముందు త్రోవ, ఆపదకు ముందు త్రోవ, ఈ రెండును న్యాయమే. ఒకే పనికై, ఒకే తావున నిలిచిన ఇరువురిలో ఎక్కువ రూపాయలిచ్చిన వానికి ముందు త్రోవ ఇయ్యవచ్చునా? ఇది వేరు ప్రశ్న. దీనికి ముందు ఒక లెక్క వేయుట అవసరము. లెక్కకై కల్పించిన అంకెలివి. పద్ధతి మాత్రము నిజమైనది.

బజారువైపు చూచుచున్న టవరు ముఖమొకటి సెకనుకు 60 మెగాబిట్లు పంచగలదు. అర్ధరాత్రి అయిదుగురే వాడుచున్నారు. ఒక్కొక్కరికి 12 వచ్చును. ఛాయాచిత్రమొకటి సెకనున్నర లోపున చేరును. ఇందులో ఒకరికి ముందు వంతు ఇచ్చినను మిగిలిన నలుగురికి తెలియనైన తెలియదు. తెల్లవారినది, అరువదిమంది చేరినారు. సమముగా పంచిన తలకొక మెగాబిట్టు. చిత్రమునకు 16 సెకనులు. ఇప్పుడు పదిమంది హెచ్చు సొమ్ము చెల్లించి మూడేసి పాళ్ళు పొందినారు. పాళ్ళు మొత్తము ఎనుబది. ఆ పదిమందికి తలకు 2.25, మిగిలిన యేబదిమందికి తలకు 0.75. పాళ్ళ పద్ధతి విడిచి, పదిమందికి కోరినంత పెట్టిన పిదపనే మిగిలినవారికి అన్నచో, ఆ పదిమందియు తలకు 5 చొప్పున 50 త్రాగివేయుదురు. శేషించిన 10 యేబదిమందికి పంచగా తలకు 0.2. వారి చిత్రము 80 సెకనులు పట్టును. టవరు పంచినది మొదటను 60, చివరను 60. ఒక్క బిట్టు పెరుగలేదు. ఒకరి జమలో పడినది మరియొకరి ఖర్చులోనుండి వచ్చినది.

డేటా పరిమాణము అమ్ముటకును వంతు అమ్ముటకును గల భేదము ఈ లెక్కలోనున్నది. ఒకడు దినమునకు 3 జీబీ కొన్నంతమాత్రమున ప్రక్కవాని ప్లాను మారదు. ఒకడు ముందు వంతు కొన్నచో, ప్రక్కవాడు తానేమియు అమ్మకయే తన వంతును కోల్పోవును. కోల్పోయినట్లు వానికి కబురు కూడ రాదు.

సొమ్మిచ్చి వంతు కొనుట పూర్వము లేదా అని అడుగువారుందురు. ఉన్నది. పెద్దలకు ట్రంకు కాలు జ్ఞాపకముండును. దూరపు ఊరితో మాటలాడవలెనన్న పేరు వ్రాయించుకొని గంటలకొలది కూర్చుండవలెను. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని తరగతులుండెడివి. అర్జెంటు కాలునకు రెట్టింపు. లైట్నింగునకు దానికిని మించిన రుసుము. తంతివార్తలోను సామాన్యము, ఎక్స్‌ప్రెస్ అని భేదముండెడిది. 1960లో లక్నో, కాన్పూరుల మధ్య ఎస్.టి.డి. మొదలై దేశమున వ్యాపించుటతో ట్రంకు కాలు క్రమముగా అంతరించినది. తంతి సేవ 2013 జూలైలో ముగిసినది. ఆ పద్ధతిలో ధనవంతునకు సౌకర్యముండెననుట నిజమే. కాని రుసుము పట్టిక పోస్టాఫీసు గోడకు వ్రేలాడుచుండెను. ఆర్డినరీ అని చెప్పి కూర్చున్నవానికి తాను ఆర్డినరీలో కూర్చున్నట్లు తెలియును. ముందు పోయినవాడు ఎంత యిచ్చి పోయెనో కూడ తెలియును. ఇల్లు తగులబడుచున్న నాడు పేదవాడు సైతము ఆ ఒక్క పిలుపునకు రెట్టింపు చెల్లించి లేచిపోవచ్చును. నెలనెలా పెద్ద ప్లాను కట్టనవసరము లేదు.

ఇదే ప్రశ్న భారతదేశమున 2020లో బహిరంగముగా లేచినది. 2019 నవంబరులో వొడాఫోన్ ఐడియా సంస్థ రెడ్‌ఎక్స్ అను ప్లానును నెలకు 999 రూపాయలకు ప్రవేశపెట్టి, దాని చందాదారులకు నూటికి యేబది వరకు హెచ్చు వేగమని ప్రకటించినది. 2020 జూలై మొదటి వారమున ఎయిర్‌టెల్ సంస్థ 499 రూపాయలు, అంతకు మించిన పోస్టుపెయిడు ప్లానులవారిని ప్లాటినము తరగతిగా ఎంచి, వారికి 4జీలో ప్రాధాన్యముండునని చెప్పినది. టెలికాం నియంత్రణ సంస్థయైన ట్రాయ్, జూలై 11న, ఆ ప్లానులను తాత్కాలికముగా నిలుపుడని రెండు సంస్థలకును వ్రాసినది. ట్రాయ్ అడిగిన ప్రశ్న గంభీరమైనది. ఈ కొందరికిచ్చు వేగము మిగిలిన చందాదారుల సేవను తగ్గించి ఇచ్చుచున్నదా? వారి హక్కులను ఎట్లు కాపాడుచున్నారు?

వొడాఫోన్ ఐడియా టెలికాం ట్రిబ్యునలును ఆశ్రయించినది. ట్రిబ్యునలు ఆ నెలలోనే ట్రాయ్ నిలుపుదల ఉత్తరువును ఆపి, విచారణ మాత్రము సాగించుకొనవచ్చునన్నది. ఆగస్టులో ట్రాయ్ ఆ సంస్థకు సంజాయిషీ నోటీసు పంపినది. హెచ్చు వేగమని చెప్పుటలో పారదర్శకత లేదనియు, అది చందాదారులను తప్పుదారి పట్టించుననియు అందలి అభియోగము. తుదకు ఆ సంస్థ తన ప్లాను ప్రకటనలోని వేగపు మాటలను సవరించుకొన్నది. వంతు అమ్ముట సర్వథా దోషమని ఎవరును శాశ్వతముగా తేల్చలేదు. “ముందు” అన్నవాడు ఎంత ముందో చెప్పవలెను, వెనుక నిలిచినవాని గతి ఏమో చెప్పవలెను అన్న ప్రశ్న మాత్రము రికార్డులోనికి ఎక్కినది. అది చిన్న లాభము కాదు.

ఈ వివాదమును నెట్ న్యూట్రాలిటీతో కలిపివేయువారు కలరు. ఆ రెండును చుట్టములేగాని ఒకటి కావు. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ చేసిన నిబంధనల ప్రకారము, చూచెడు విషయమును బట్టి డేటాకు వేరువేరు ధరలు పెట్టరాదు. ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ దానితో ఈ దేశమున ఆగిపోయినది. 2018లో ప్రభుత్వము లైసెన్సు షరతులలోనే, ఒక వెబ్‌సైటును వేగముగను మరియొకదానిని మెల్లగను పంపరాదని చేర్చినది. ఇవి విషయమునకు విషయమునకు మధ్య సమత్వము కోరును. చందాదారునకు చందాదారునకు మధ్య సమత్వమన్నది వేరు గడి. ఆ గడిలో సిరా ఇంకను పలుచగానే ఉన్నది.

ఉద్యోగపర్వమున ఇట్టి తగవు ఒకటి కలదు. ద్వారకకు మొదట చేరినవాడు దుర్యోధనుడు. తలవైపు ఆసనమున కూర్చున్నాడు. వెనుక వచ్చిన అర్జునుడు పాదములకడ నిలిచినాడు. మేలుకొన్న కృష్ణుని చూపు పార్థునిపై పడినది. “ముందు వచ్చినవాడను నేను” అని దుర్యోధనుని వాదము. కృష్ణుడు దానిని కాదనలేదు. ముందు వచ్చుట ఒక వరుస, ముందు కనబడుట ఒక వరుస, పిన్నవానికి ముందు కోరు హక్కు మరియొక వరుస అని మూడింటిని ఎదుట పెట్టి, ఇద్దరి చెవులలోను పడునట్లు నియమము చెప్పి, రెండు భాగములను చూపి, పిమ్మట కోరుకొమ్మన్నాడు. దుర్యోధనునకు అన్యాయమైనదని వాదించువారికి నేటికిని చోటు కలదు. తనకు తెలియకుండ వరుస మారినదని మాత్రము దుర్యోధనుడును అనలేకపోయినాడు. అతడు గోపకుల మహాసేన దొరకినదని సంతోషించి పోయెను. సంఖ్య చూచి కొనువారి సంతోషమట్టిది.

2022 అక్టోబరు 1న దేశమున 5జీ ప్రారంభమైనది. ఆ నెలలోనే ఎయిర్‌టెల్ తన 5జీ సేవను మొదలుపెట్టిన ఎనిమిది నగరములలో హైదరాబాదు ఒకటి. జియో నవంబరులో వచ్చినది. 2024 జూలైలో ధరలు పెంచినపుడు ఆ రెండు సంస్థలును అపరిమిత 5జీని దినమునకు 2 జీబీ, అంతకు మించిన ప్లానులకే పరిమితము చేసినవి. దీనిని వంతు అనవలెనా, హద్దు అనవలెనా? రెండును కాదు, ఇది ద్వారము. మెహదీపట్నమునుండి ఆరాంఘర్ వైపు పోవు పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే 2009లో తెరచినారు. ఆ పై వంతెనపైకి ద్విచక్రవాహనములను ఎక్కనియ్యరు. క్రింది త్రోవ అందరిది. పైకి ఎక్కినవారెల్లరు క్రిందినుండి తగ్గినవారే గనుక, స్కూటరువానికి కొంత మేలే. 5జీ ఫోను, తగిన ప్లాను ఉన్నవారు పై దారిన పోయినచో 4జీలో మిగిలినవారికి గళ్ళు హెచ్చుగా దొరకును. అయితే క్రింది త్రోవను మరమ్మతు చేయుట మానరాదు. ఊరిలో 5జీ ఫోను లేనివారు, రెండు మీటల ఫోనువారు ఇంకను ఎందరో కలరు. వారివంటి వారి కొరకే 2024 డిసెంబరులో ట్రాయ్, డేటా లేక మాటలకు, ఎస్సెమ్మెస్సులకు మాత్రమే పనికివచ్చు రీఛార్జీలను కూడ అమ్మవలెనని ఉత్తరువు చేసినది. డేటా వాడని ముసలితల్లిచేత డేటా కొనిపించుట అంతటితో కొంత తగ్గవలెను. దుకాణములో అడిగి తీసికొనవలెను, అడుగక ఇయ్యరు.

అమెరికాలో బిడ్డలున్న కుటుంబములు ఈ ఊరను, చుట్టుపట్లను అనేకము. అచ్చటి పద్ధతి కొంత తెలిసియుండుట మంచిది. అచ్చట టవరులుగల పెద్ద సంస్థలు కొన్ని. వారి టవరులనే బాడుగకు పుచ్చుకొని చౌకగా అమ్ము సంస్థలు అనేకము. టవరు ఒకటేగదా, చౌకదే కొందమని కొత్తగా పోయిన విద్యార్థులు తలంతురు. గీతలు నిండుగానే కనబడును. రద్దీ వేళ మాత్రము చౌక సిమ్ములలో పెక్కింటి వంతు వెనుకబడును. ప్లాను కాగితములో చిన్న అక్షరములతో, రద్దీ సమయమున వేగము తగ్గవచ్చునని వ్రాసియుండును. పెద్ద సంస్థల ప్లానులలో సైతము కొన్నింట నెలకు 50 జీబీ దాటిన పిదప రద్దీలో వెనుక వరుసకు పంపుదురు. ఇది వంతు తగ్గించుట. రద్దీ లేనిచోట వేగము మామూలే.

హద్దు ఎంత కఠినమైనదో కూడ అచ్చటి వృత్తాంతమే చెప్పును. 2018లో కాలిఫోర్నియా అడవులు మండుచుండగా సాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక దళమువారు తమ ఆజ్ఞావాహనమునకు వెరైజన్ సంస్థ ప్లాను వాడుచుండిరి. పేరునకు అది అపరిమితము. నెలకు నియమించిన డేటా దాటగానే వేగము రెండువందలవ వంతునకు పడిపోయినది. దళమువారు మొరపెట్టుకొనగా హెచ్చు ధర ప్లానునకు మారుడన్నారు. ఆపత్సమయమున హద్దును ఎత్తివేయవలసియుండగా ఎత్తకపోవుట తమ సిబ్బంది పొరపాటని పిమ్మట ఆ సంస్థ ఒప్పుకొన్నది. మంటలమధ్యనున్నవారికి కాగితము మీది “అపరిమితము” అక్కరకు రాలేదు.

ఇంతకు ప్లానులను పోల్చి చూచుట ఎట్లు? ధర ప్రక్కన జీబీలు మాత్రమే వ్రాసి పోల్చుట సగము పని. దినపు పరిమాణము, అది తీరిన పిదప వేగము, 5జీకి ద్వారమున్నదా లేదా, రద్దీలో వంతును గూర్చి నిబంధనలలో ఏమైన మాట ఉన్నదా అని నాలుగు గడులు గీయవలెను. నాలుగవ గడి చాలవరకు ఖాళీగానే మిగులును. ఖాళీగా మిగిలినదని తెలియుట కూడ ఉపయోగమే. “వేగవంతము”, “ప్రయారిటీ” అని దుకాణమువాడు చెప్పినపుడు, ఎంత, ఎవరికంటె, ఎచ్చట వ్రాసియున్నది అని అడుగవచ్చును.

రోగము ఏదో తేల్చుకొనుటకు ఖర్చులేని పరీక్ష ఒకటి కలదు. మొదట ఆ దినపు డేటా ఇంకను మిగిలియున్నదో లేదో ఫోనులో చూడవలెను. పిమ్మట ట్రాయ్ వారి మైస్పీడ్ యాప్‌తో ఒకే తావున, బజారు నిండిన ఉదయమున ఒకసారి, రాత్రి పదకొండు దాటిన పిదప ఒకసారి వేగము కొలిచి అంకెలు వ్రాసికొనవలెను. మూడు నాలుగు దినములు ఇట్లు వ్రాసినచో చాలును. రెండు వేళలను అంకె 64 కిలోబిట్ల దరిదాపులనే యుండినచో అది హద్దు. డేటా తీరియుండును, పెద్ద ప్లానో, చిన్న అదనపు డేటా రీఛార్జియో దానికి మందు. ఉదయము మాత్రమే పడిపోయి రాత్రి లేచినచో అది రద్దీ. పెద్ద జీబీల ప్లాను కొన్నను ఆ రోగము కుదురదు, ఆ సొమ్ము వృథా. రెండు వేళలను తక్కువయై, డేటా మిగిలియుండి, గీతలును సన్నగిల్లినచో అది సిగ్నలు కొరత. గోడల లోపలనుండి వాకిటికి వచ్చి మరల కొలువవలెను.

రద్దీయని తేలినపుడు సిమ్ము మార్చుటకు తొందరపడరాదు. ప్రక్క దుకాణమున వేరు సంస్థ సిమ్మున్న వానిని అడిగి, అదే నిమిషమున అదే తావున అతని ఫోనులోను కొలువవలెను. అతనిదియు అట్లే ఉండినచో మార్చుటవలన ఫలము లేదు. 2024 అక్టోబరు 1న అమలులోనికి వచ్చిన ట్రాయ్ సేవానాణ్యత నిబంధనల ప్రకారము, ఏ ప్రదేశమున 4జీ కలదో, ఏ ప్రదేశమున 5జీ కలదో పటములు గీచి కంపెనీలు తమ వెబ్‌సైటులలో పెట్టవలెను. వానిని ముందు చూచుట మంచిది. మార్చుటయే మేలని తోచినచో, అంకె మారకయే సంస్థ మార్చుకొను సౌకర్యము 2011 జనవరినుండి దేశమంతటను ఉన్నది. దానికి మొదటి మెట్టు 1900 అంకెకు పోర్ట్ సందేశము పంపుట.

ఫిర్యాదు చేయదలచినవారు మొదట తమ సంస్థకే 198 అంకెకు పిలిచి చెప్పి, వారిచ్చు ఫిర్యాదు సంఖ్యను తప్పక వ్రాసియుంచుకొనవలెను. సంఖ్య లేని ఫిర్యాదు రసీదు లేని శిస్తు వంటిది. అచ్చట పని కానిచో అదే సంస్థయందలి అప్పీలు అధికారికి ఆ సంఖ్యతో వ్రాయవచ్చును. “నెట్ స్లో” అని వ్రాసిన అర్జీకి “పరిశీలించితిమి” అని జవాబు వచ్చును. ఫలానా తేదీన, ఉదయము ఇన్ని గంటలకు, గుడిమల్కాపూరు పూలబజారునొద్ద వేగమింత, రాత్రి ఇన్ని గంటలకు అచ్చటనే ఇంత, ప్రక్కవాని సిమ్ములో ఇంత అని పట్టికతో వ్రాసిన అర్జీకి అట్టి జవాబు చెప్పుట అంత సులభము కాదు. పదిమంది దుకాణదారులు బతుకమ్మకు ముందు వారము దినములు ఇట్టి పట్టిక నింపి, అందరి సంతకములతో పంపినచో, ఆ ముఖమునకు మరికొన్ని గళ్ళు పెంచవలసిన అవసరము టవరువారికి అంకెలలోనే కనబడును. పట్టిక గీయుటకు కాగితము, పెన్సిలు, కూర్చుండుటకు బల్ల ఈ గ్రంథాలయముననే కలవు.